గేట్లెత్తిన సాగర్ వీడియో గళ్లుగళ్లుగా వస్తోందా? సమస్య - పరిష్కారం

నాగార్జునసాగర్ 26 గేట్లు ఎత్తిన రోజు నల్లగొండ పిల్లల ఫోన్లన్నీ అక్కడే ఉంటాయి. ఫోన్‌లో చూస్తే తుంపర తుంపరగా కనిపించిన నీళ్లు, యూట్యూబ్‌లో పెట్టాక తెల్లటి ముద్ద అయిపోతాయి. పాపం, చాలామంది కెమెరానే అనుమానిస్తారు. కెమెరా నుంచి చూసేవాళ్ల తెర దాకా వీడియో నాలుగైదు చేతులు మారుతుంది. ఏ చేతిలో పాడైందో పట్టుకోవాలి. అందుకని ఏ సెట్టింగూ ముట్టుకోకముందే, మీరు అప్‌లోడ్ చేసిన ఫైల్‌ను ఒకసారి పెద్ద తెర మీద చూడండి. అందులోనే మసక ఉంటే యూట్యూబ్ దాకా పోనక్కర్లేదు.

"పెట్టిన వెంటనే మసకగా ఉంది"

యూట్యూబ్ మన ఫైల్‌ను ఉన్నదున్నట్టు చూపించదు. రకరకాల సైజుల్లో మళ్లీ తయారు చేసుకుంటుంది. చిన్న సైజు ముందు సిద్ధమవుతుంది, హెచ్‌డీ, 4కే ఆ తర్వాత వస్తాయి. పెద్ద వీడియోకు గంటలు పట్టొచ్చు. ఈలోపే లింక్ ఊరి గ్రూపులో వేస్తే, ఆత్రంగా తెరిచిన వాళ్లందరికీ దక్కేది ఆ మసక కాపీయే. రాత్రి ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేసి పడుకోండి. పొద్దున యూట్యూబ్ స్టూడియోలో (మన ఛానల్ వీడియోలు చూసుకునే చోటు) హెచ్‌డీ అని కనిపించాక పబ్లిక్ చేయండి.

"నా ఫోన్లో బాగుంది, మా అన్న ఫోన్లో బాగాలేదు"

క్వాలిటీ ఆటోలో ఉంటే సిగ్నల్‌ను బట్టి మారుతుంది. డేటా సేవర్ పెట్టుకుంటే కిందనే ఆగిపోతుంది. గేర్ గుర్తు నొక్కి క్వాలిటీ పెంచి చూడమనండి. వీడియోను మళ్లీ అప్‌లోడ్ చేసే పని లేదు.

"ఆగి ఉన్నప్పుడు బాగుంది, కదిలితే పగిలిపోతోంది"

నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. వీడియోను కుదించే పద్ధతి తెలిస్తే కారణం అర్థమవుతుంది. ప్రతి ఫ్రేమునూ, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మనూ, మొదటి నుంచి రాయరు, ముందు ఫ్రేముకూ దీనికీ మారిందేమిటో అదే రాసుకుంటారు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని స్టాండ్ మీద కెమెరా పెట్టి తీస్తే మారేది కొంచెమే, శిల్పం శిల్పంలాగే నిలుస్తుంది. సాగర్ నీళ్లలో, బతుకమ్మ ఆడే ఆడవాళ్ల చీరల్లో ప్రతి చుక్కా మారుతుంది. సెకనుకు ఇచ్చిన డేటా, అంటే బిట్‌రేట్, దానికి సరిపోదు. అప్పుడే గళ్లు పడతాయి.

ఎడిట్ చేశాక వీడియోను ఫైల్‌గా బయటికి తీసేటప్పుడు, అంటే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, ఫైల్ రకం ఎంపీ4, కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) హెచ్.264 పెట్టుకోండి. యూట్యూబ్ సూచించే బిట్‌రేట్ 1080పీ (ఫుల్ హెచ్‌డీ), సెకనుకు 30 ఫ్రేములకు 8 ఎంబీపీఎస్ (సెకనుకు 8 మెగాబిట్లు), 60 ఫ్రేములకు 12. 4కే, 30 ఫ్రేములకు 35 నుంచి 45. 8 ఎంబీపీఎస్ అంటే పది నిమిషాలకు దాదాపు 600 ఎంబీ. మీ పది నిమిషాల ఫైల్ 150 ఎంబీయే ఉందంటే పాలల్లో నీళ్లు కలిసింది ఎక్స్‌పోర్ట్ దగ్గరే. కదలిక ఎక్కువున్న వీడియోకు నేను ఈ అంకెల కంటే పైనే ఇస్తాను. అప్‌లోడ్‌కు టైమ్ పడుతుంది, అంతే.

ఇంకో ఉపాయం ఉంది. 1080పీ వీడియోను ఎడిటింగ్‌లో 1440పీకి పెంచి అప్‌లోడ్ చేయండి. కొత్త వివరాలేమీ పుట్టవు. కానీ ఆ సైజు వీడియోలకు యూట్యూబ్ సాధారణంగా వీపీ9 అనే మెరుగైన కోడెక్ వాడుతుంది, డేటా కూడా ఎక్కువ ఇస్తుంది. కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే ఏ కోడెక్ వచ్చిందో తెలుస్తుంది.

చీకట్లో తీస్తే పడే సన్నటి చుక్కలు కూడా కదలిక కిందే లెక్క. అవి బిట్‌రేట్‌ను తినేస్తాయి. బతుకమ్మను వెలుతురు ఉండగానే తీయండి, లేదా లైటు దగ్గరగా పెట్టించండి. తంగేడు పసుపు పసుపుగానే వస్తుంది.

"ఎడిట్ చేయకముందే మసక"

పాలమూరు నుంచి మా మేనల్లుడు కురుమూర్తి జాతర ఉద్దాల (స్వామి పాదుకల) ఊరేగింపు తీసి మెసేజ్‌లో పంపాడు. నేను చూసుకోకుండా అదే పెట్టేశాను. "మామా, గింత మసక పెట్టినవేంది?" అని ఫోన్. మెసేజ్‌లో మామూలు వీడియోగా పంపితే దారిలోనే కుదించుకుపోతుంది. తర్వాత పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైల్ తెప్పించి మళ్లీ పెట్టాను. యూట్యూబ్‌లో పాత లింక్‌లోనే వీడియో మార్చడం కుదరదు కాబట్టి అప్పటికి వచ్చిన వ్యూస్, కామెంట్లు పోయాయి. అందులో పెద్దవాళ్ల దీవెనలున్నాయి, అదే బాధ. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

"పాత పెళ్లి క్యాసెట్‌లో దువ్వెన పళ్లలాంటి గీతలు"

అప్పటి కెమెరాలు ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలు చేసి రికార్డు చేసేవి. ఆ రెండు సగాలూ ఇప్పటి తెర మీద సరిగ్గా కలవక గీతలు పడతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ (సగాలను కలిపే సెట్టింగ్) పెట్టి, ఆ తర్వాతే అప్‌లోడ్ చేయండి.

"పోనుపోను మాట ఒకచోట, పెదవులు ఒకచోట"

ఫోన్లు సెకనుకు ఫ్రేములను ఒకే లెక్కన తీయవు. ఎడిట్ చేయకముందే హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కు, అంటే సెకనుకు ఒకే లెక్క ఫ్రేములకు, మార్చుకోండి.

గంట వీడియో ఉంటే మొత్తం పంపకముందు, అందులో కదలిక బాగా ఎక్కువున్న 30 సెకన్లు కోసి అన్‌లిస్టెడ్‌గా (లింక్ ఉన్నవాళ్లకే కనిపించేలా) పెట్టి చూడండి. అది నిలబడితే మిగతాది పంపించండి.