జననాంగాల మీద చర్మం అతికించే ఆపరేషన్: ముందూ తర్వాతా జాగ్రత్తలు

ఫోర్నియర్ గ్యాంగ్రీన్ (జననాంగాల దగ్గర కణజాలం వేగంగా కుళ్లిపోయే ఇన్ఫెక్షన్) వల్లో, కాలిన గాయం వల్లో, తిరిగే యంత్రంలో బట్ట చిక్కుకోవడం వల్లో పురుషాంగం మీద, వృషణాల సంచి మీద చర్మం పోతే సాధారణంగా తొడ నుంచి పలుచటి పొర తీసి అతికిస్తారు. ఆ పొరకు అప్పటికి రక్తసరఫరా ఉండదు. మొదటి ఒకటి రెండు రోజులు గాయంలో ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. ఆ తర్వాత కింది రక్తనాళాలు దానితో కలుస్తాయి, ఐదు నుంచి ఏడు రోజులకు రక్తం నిలకడగా పారుతుంది. ఈలోపు పొర జరిగినా, కింద రక్తమో నీరో చేరినా అతుకు చచ్చిపోతుంది. కింది జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఈ వారం కోసమే.

ఆపరేషన్‌కు తొందరపెట్టకండి. గాయం ఎర్రగా, చదునుగా, వాసన లేకుండా ఉండాలి. నల్లటి కండ, చీము పట్టిన చోట పొర అతకదు: గ్రాము కణజాలంలో లక్షకు మించి బ్యాక్టీరియా ఉంటే నిలవడం కష్టం, స్ట్రెప్టోకాకస్ అనే రకం బ్యాక్టీరియా అయితే అంతకంటే తక్కువున్నా ముప్పే. షుగర్ అదుపులోకి రావాలి. పొగతాగడం కనీసం నాలుగు వారాల ముందే మానాలి, గాయం మానేదాకా మళ్లీ ముట్టకూడదు. రక్తం పలుచన చేసే మందుల సంగతి డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపొద్దు.

అంగానికి ఈ పలుచటి పొరల్లోనే కాస్త మందంగా ఉండి, రంధ్రాలు లేనిదే మంచిది. జల్లెడలా రంధ్రాలు పెట్టిన పొర మానేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, అంగం గట్టిపడితే లాగుతుంది. వృషణాల సంచికి మాత్రం ఆ రంధ్రాలే మేలు: నీరు బయటికి పోతుంది, మానాక సంచికి సహజమైన ముడతల్లాగే కనిపిస్తుంది. శిశ్నాగ్రం (అంగం కొన) దగ్గర కొద్దిగా మిగిలిన మంచి చర్మాన్ని కూడా డాక్టర్ తీసేస్తామంటే కంగారుపడకండి. వదిలేస్తే శోషరసం (కణజాలం నుంచి ఊరే లింఫ్ ద్రవం) నిలిచి అది ఉబ్బిపోతుంది.

మల విసర్జన గురించి అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ముక్కితే అతుకు కదులుతుంది, మలం అంటితే చీము పడుతుంది. మలం మెత్తబడే మందు ముందునుంచే అడగండి. మూత్రానికి గొట్టం ఉంటుంది, అది లాగకుండా తొడకు అంటించి ఉందో లేదో చూసుకోండి.

మొదటి ఐదు రోజులు వెల్లకిలా, కాళ్లు ఎడంగా పడుకోవాలి. కట్టు ఎలా ఉందోనని విప్పి చూడకండి. వాక్యూమ్ కట్టు (యంత్రంతో గాయంలోని ద్రవాన్ని పీల్చే కట్టు) అయితే పీల్చే ఒత్తిడి సాధారణంగా 125 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. అలారం మోగితే వెంటనే నర్సును పిలవండి, యంత్రం రెండు గంటలకు మించి ఆగిపోతే ఆ కట్టు మార్చాల్సిందే. నిద్రలో అంగం గట్టిపడటం సహజం, మీ చేతిలో లేదు. కుట్లు లాగుతున్నట్టుంటే చెప్పడానికి సిగ్గుపడకండి.

జ్వరం, దుర్వాసన, పెరుగుతున్న నొప్పి, పొర నల్లబడటం కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

అతుకుకన్నా తొడ మీది పుండే ఎక్కువ మండుతుంది. రెండు మూడు వారాల్లో మానుతుంది, దానికి అంటుకున్న గుడ్డను పీకకండి, కింద మానాక అదే ఊడుతుంది.

పలుచటి అతుకులో చెమట, నూనె గ్రంథులు పనిచేయవు. పూర్తిగా మానాక రోజూ వాసన లేని మాయిశ్చరైజర్ రాయాలి, లేదంటే పగులుతుంది. స్పర్శ అతుకు మీద తగ్గుతుంది, శిశ్నాగ్రం మీద సాధారణంగా ఉంటుంది. సంభోగం కనీసం ఆరు వారాలు వద్దు. ఆ తర్వాత కూడా డాక్టర్ చూసి సరేనన్నాకే. గట్టిపడినప్పుడు అంగం ఒక పక్కకు వంగుతుంటే అతుకు ముడుచుకుంటోందన్నమాట, ఫాలోఅప్‌లో తప్పకుండా చెప్పండి.