యూరప్‌లో మొదటిసారి హోటల్ బుక్ చేస్తున్నారా? ముందు లిఫ్ట్ ఉందో లేదో చూడండి

పారిస్‌లో నేను బుక్ చేసిన మొదటి హోటల్ ఫొటోల్లో భలే ఉంది. ఇనుప బాల్కనీ, కిటికీలో ఎర్ర పూలకుండీలు, చెక్క నేల. తీరా వెళ్ళాక తెలిసింది, గది నాలుగో అంతస్తులో ఉందనీ, లిఫ్ట్ లేదనీ, మెట్లేమో సన్నగా మెలికలు తిరుగుతూ పోతాయనీ. 23 కిలోల సూట్‌కేసుని ఎత్తుకుని ప్రతి మలుపులో ఆగి ఆయాసపడుతూ ఎక్కాను. హోటల్ వాళ్ళని అనడానికేం లేదు, లిఫ్ట్ లేదని పేజీలో కింద రాసే ఉంది, పూలకుండీలు చూస్తూ నేనే అంతవరకూ పోలేదు.

అప్పట్నుంచి నాది ఒకటే పద్ధతి. బుక్ చేసేముందు మొదటి రోజంతా ఒకసారి ఊహించుకుంటాను. విమానం దిగి, నిద్ర చాలని కళ్ళతో, సామాను లాక్కుంటూ ఆ మంచం దాకా ఎలా చేరతాను? చేరాక ఆ రాత్రి నిద్ర పడుతుందా? ఈ రెండింటికీ జవాబు బాగుంటేనే మిగతావి చూస్తాను.

స్టార్ల సంగతి ముందే చెప్పేస్తాను. జర్మనీ, ఆస్ట్రియా, నెదర్లాండ్స్ లాంటి దేశాలు 2009లో హోటల్‌స్టార్స్ యూనియన్ అని పెట్టుకుని ఒకే రకం కొలతలు వాడుతున్నాయి, ఫ్రాన్స్‌ది వేరే లెక్క, ఇటలీ, స్పెయిన్‌లలో ప్రాంతాన్నిబట్టి మారుతుంది. కాబట్టి ఒక దేశంలో త్రీస్టార్ ఇంకో దేశంలో త్రీస్టార్‌లాగే ఉంటుందని అనుకోవద్దు. పైగా స్టార్లు చెప్పేది ఏయే సౌకర్యాలు ఉన్నాయనే. కింద బార్ ఉందా, రాత్రి రెండింటిదాకా గోల ఉంటుందా అన్నది వాటిని చూసి తెలియదు.

ఇక అసలు విషయం, హోటల్ ఎక్కడ ఉంది అన్నది. 'సిటీ సెంటర్‌కి దగ్గర' అనే మాటని నమ్మకుండా మ్యాప్ తెరిచి రెండు చూడండి: ఎయిర్‌పోర్టు నుంచి మారకుండా ఒకే రైల్లో ఎక్కడిదాకా రావచ్చు, దిగాక ఎంత నడవాలి. పారిస్ చార్ల్స్ ద గాల్ ఎయిర్‌పోర్టు నుంచి ఆర్‌ఈఆర్ బి రైలు గార్ దు నార్ స్టేషన్ మీదుగా ఊరి మధ్యలోకి వస్తుంది. రోమ్ ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్టు నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు దాదాపు 32 నిమిషాల్లో ఊళ్ళోని పెద్ద స్టేషన్ టెర్మినికి తెస్తుంది. అలాగని స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్ తీసుకోమని కాదు. పెద్ద స్టేషన్ల చుట్టుపక్కల రాత్రిళ్ళు గోలగా, కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అక్కడినుంచి మెట్రోలో రెండు మూడు స్టాపులు అవతల ఉంటే హాయి.

మ్యాప్‌లో కనబడనివి కూడా ఉంటాయి. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లలో మెట్లే దిక్కు, అదే వియన్నాలో ప్రతి యూ-బాన్ (అక్కడి మెట్రో) స్టేషన్‌లోనూ లిఫ్ట్ ఉంటుంది. లిస్బన్ అల్ఫామా పేటలో 400 మీటర్లంటే కొండెక్కడమే, అదీ రాళ్ళు పరిచిన దారిలో, చక్రాల సూట్‌కేసు చక్రాలు ఊడొచ్చేలా. వెనిస్‌లో అయితే వంతెనల్లో చాలావాటికి మెట్లే, అందుకే సామాను ఎక్కువున్నవాళ్ళు రైల్లో పది నిమిషాల దూరంలోని మెస్త్రేలో దిగుతుంటారు. నేనైతే ఒకట్రెండు రాత్రులకైనా డబ్బు ఎక్కువ పెట్టి, తక్కువ సామానుతో వెనిస్‌లోనే ఉంటాను, పొద్దున్నే జనం రాకముందు ఆ సందుల్లో తిరగడం వేరు. హోటల్ ముందున్న వీధిని స్ట్రీట్ వ్యూలో చూస్తే ఎత్తుపల్లాలు, బార్లు, ట్రామ్ పట్టాలు అన్నీ ఐదు నిమిషాల్లో తెలిసిపోతాయి.

ఏసీ గురించి ఒక మాట. చల్లటి దేశాలు కదా, ఏసీ ఎందుకులే అనుకుంటాం. 2019 జులై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది. పాత భవనాల్లో ఏసీ లేని హోటళ్ళు పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్‌లలో ఇప్పటికీ చాలానే ఉన్నాయి, కొన్నిట్లో ఫ్యాన్ కూడా ఉండదు. కిటికీ తెరిస్తే వీధి గోల, మూస్తే ఉక్క. జూన్ నుంచి ఆగస్టు మధ్య వెళ్తుంటే ఏసీ ఉన్నదే తీసుకోండి, అదీ గదిలో ఉందా లాబీలోనే ఉందా అని అడిగి మరీ.

నిద్రకి ఇంకో శత్రువు వీధి. లిస్బన్‌లో బైర్రో ఆల్తో, బుడాపెస్ట్‌లో ఏడో డిస్ట్రిక్ట్ లాంటివి రాత్రి జీవితానికి పేరుపడ్డ చోట్లు, సరదాగా వెళ్ళి రావడానికి బాగుంటాయి, పడుకోవడానికి కాదు. చాలా పాత హోటళ్ళకి మధ్యలో ఖాళీ స్థలం ఉంటుంది, ఆ లోపలి వైపు గది అడిగితే వ్యూ ఉండదు గానీ నిశ్శబ్దంగా ఉంటుంది. వ్యూ పగలు ఎలాగూ బయటే చూస్తాం.

గది సైజు చదరపు మీటర్లలో రాస్తారు. పెద్ద నగరాల నడిబొడ్డున 12 చదరపు మీటర్లు మామూలే, అందులో మంచం పోగా రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవడం కష్టం. ఇద్దరికి 16 దాటితే బాగున్నట్టే. 'డబుల్' అన్న పదమూ మోసమే: ఫ్రాన్స్‌లో 140 సెంటీమీటర్ల వెడల్పు మంచాన్నీ డబుల్ అనే అంటారు, జర్మనీ, ఆస్ట్రియాలలో ఒకే మంచం మీద రెండు పరుపులు, రెండు వేరు దుప్పట్లు వేస్తారు, మధ్యలో ఆ గీత వీపుకి తగులుతూనే ఉంటుంది. బాత్రూమ్ గదిలోపలే ఉందా, ఉమ్మడిదా అన్నది తప్పకుండా చూడండి. హ్యాండ్ స్ప్రే ఉంటుందని ఆశ పెట్టుకోకండి, ఇటలీలో బిడే (కడుక్కోవడానికి పెట్టే చిన్న తొట్టి) ఉంటుంది, మిగతాచోట్ల చాలావరకు టిష్యూనే.

రివ్యూలు కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, పదికి ఆరూ ఏడూ ఇచ్చినవాళ్ళవి చదవండి. పది ఇచ్చినవాళ్ళు హనీమూన్‌లో ఉంటారు, ఒకటి ఇచ్చినవాళ్ళు ఎవరిమీదో కోపంలో ఉంటారు. గది చిన్నది అన్న ఫిర్యాదు అందరికీ ఉండేదే, వదిలేయొచ్చు. వేర్వేరు మనుషులు ఈమధ్యే నల్లులని రాసుంటే మాత్రం ఇంకేం ఆలోచించకుండా పేజీ మూసేయండి.

డబ్బు దగ్గర, కనిపించే ధరే చివరి ధర కాదు. ఊరి పన్ను చాలాచోట్ల విడిగా, హోటల్లోనే కట్టాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో గది అద్దెలో 12.5 శాతం. రోమ్‌లో మనిషికి రాత్రికి ఇంత అని లెక్క, 2023 అక్టోబర్ నుంచి ఫోర్‌స్టార్‌కి ఏడున్నర యూరోలు, అంటే ఇద్దరు నాలుగు రాత్రులుంటే 60 యూరోలు అదనం. ఇవి మారుతుంటాయి, బుకింగ్ పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. కార్డు మెషీన్ 'యూరోలా, మీ కరెన్సీనా' అని అడిగితే యూరోలే నొక్కండి, మీ కరెన్సీ అంటే మారకం రేటు వాళ్ళిష్టం. బ్రేక్‌ఫాస్ట్ మొదటి రోజుకి తీసుకుని చూడండి, నచ్చకపోతే వీధి చివర బేకరీ ఎలాగూ ఉంటుంది. తేదీలూ చూసుకోవాలి: మ్యూనిక్‌లో అక్టోబర్‌ఫెస్ట్, ఏప్రిల్‌లో మిలాన్ ఫర్నిచర్ ప్రదర్శన, అక్టోబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శన, ఆ రోజుల్లో మామూలు గది కూడా ముట్టుకుంటే కాలుతుంది.

షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది) కావాల్సినవాళ్ళు ఎక్కడ ఉంటారో చూపించాలి కాబట్టి వీసా రాకముందే బుక్ చేయక తప్పదు. మామూలుగా 15 రోజుల్లో తేల్చేస్తారు, ఒక్కోసారి 45 రోజులదాకా పట్టొచ్చు. అందుకే కొంచెం ఎక్కువైనా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నదే తీసుకోండి, గడువు ఆ ఊరి టైమ్ ప్రకారం ఉంటుందని గుర్తుపెట్టుకుని ఫోన్లో అలారం పెట్టుకోండి.

బుక్ చేశాక హోటల్‌కి చిన్న మెసేజ్ పెట్టడం మర్చిపోకండి. నేను ఇంతే రాస్తాను: ఫలానా రోజు ఫలానా టైమ్‌కి వస్తున్నాం, లిఫ్ట్ మా గది దాకా వస్తుందా, వీలైతే లోపలి వైపు గది ఇవ్వండి, పొద్దున్నే వస్తే సామాను పెట్టుకోవచ్చా? చెక్-ఇన్ చాలావరకు మధ్యాహ్నం రెండు, మూడు తర్వాతే, సామాను మాత్రం ముందే పెట్టుకోనిస్తారు. మీ విమానం రాత్రి ఆలస్యంగా దిగుతుంటే ఇంకొకటి కలపండి: రిసెప్షన్ రాత్రంతా తెరిచే ఉంటుందా? చిన్న హోటళ్ళలో సాయంత్రానికే తాళం వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళున్నారు, తలుపు కోడ్ ముందే పంపించుకోకపోతే అర్ధరాత్రి సూట్‌కేసు మీదే కూర్చోవాలి.