నడుస్తూ ఆగిపోయే మోవర్‌కి ముందు ట్యాంక్ మూత చూడండి

కూర్చుని నడిపే గడ్డి మోవర్ ఇరవై నిమిషాలు బాగానే నడిచి, దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయి, ఎంత తిప్పినా మళ్లీ అందుకోవట్లేదా? స్పానర్ పట్టుకుని కార్బురేటర్ మీద పడకండి. నేను రెండుసార్లు విప్పి కడిగాను, అక్కడ ఏమీ లేదు.

ఇంజిన్ కాస్త చల్లారనిచ్చి పెట్రోల్ ట్యాంక్ మూత మెల్లగా వదులు చేయండి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. చాలా మోవర్లకు గాలి లోపలికి వెళ్లే సన్నటి దారి ఆ మూతలోనే ఉంటుంది. అది దుమ్ముతో పూడితే, పెట్రోల్ తగ్గే కొద్దీ ట్యాంకులో గాలి పీడనం పడిపోయి, కిందికి దిగాల్సిన పెట్రోల్ అక్కడే నిలిచిపోతుంది. మూత శుభ్రం చేయండి, లేదంటే కొత్తది వేయండి. వదులు మూతతో మాత్రం నడపకండి, కుదుపులకు పెట్రోల్ ఒలుకుతుంది.

చప్పుడేమీ రాలేదా? ఈసారి ఆగిన వెంటనే, బ్లేడు ఆఫ్ చేసి బ్రేక్ వేసి, స్పార్క్ టెస్టర్ (ప్లగ్‌కి స్పార్క్ అందుతోందో లేదో చూపే చిన్న పరికరం) పెట్టి చూడండి. వేడి మీద స్పార్క్ రాకుండా, చల్లారాక వస్తుంటే, ఆ స్పార్క్‌ని పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌ని అనుమానించాలి. టెస్ట్ అప్పుడే చేయాలి, అరగంట ఆగితే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

గతుకుల్లో మాత్రమే ఆగుతుంటే సీటు కింది స్విచ్ వైరు చూడండి. ఆ స్విచ్‌ని బైపాస్ చేసి నడపడం మాత్రం వద్దు, మీరు సీటు మీంచి లేస్తే బ్లేడు ఆగేది దానివల్లే.