దెబ్బతిన్న ప్రొపెల్లర్‌ను బాగుచేసే పద్ధతి, పడవలో ఉంచుకోవలసిన స్పేర్

కాకినాడ తీరంలోనూ, గోదావరి మొగల దగ్గరా ఫైబర్ తెప్పకు ఔట్‌బోర్డ్ ఇంజిను (పడవ వెనక బయటివైపు తగిలించేది) బిగించుకుని వేటకు వెళ్ళేవారికి ప్రొపెల్లర్ రెక్క దెబ్బతినడం కొత్త సంగతి కాదు. మొగల్లోని ఇసుక మేటలు వరద వచ్చినప్పుడల్లా చోటు మారుతాయి కనుక, కిందటి నెల నిండుగా నీరున్న దారిలోనే ఈ నెల పాటు వేళకు, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, రెక్కలు నేలను గీరుకుంటాయి. తెగి కొట్టుకొచ్చిన వలముక్కలూ, నీట మునిగిన దుంగలూ అంతే నష్టం చేస్తాయి. ఇక్కడ రాస్తున్నది చిన్న ఔట్‌బోర్డ్ ఇంజిన్లకు ఉండే అల్యూమినియం ప్రొపెల్లర్ గురించి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండే 61 రోజులు ఈ పనికి అనువైన కాలం.

ప్రొపెల్లర్ మీద చెయ్యి వేసే ముందు ఇంజిను ఏ విధంగానూ తిరగకుండా చూసుకోవాలి. ఇంజిను ఆపి, ప్రమాద సమయంలో ఆపేందుకు ఉండే తాడు క్లిప్పును తీసేసి, గేరును న్యూట్రల్‌లో పెట్టి, స్పార్క్ ప్లగ్గుల మీది తొడుగులను ఊడదీయాలి. న్యూట్రల్‌లో ఉంది కదా అని ప్లగ్గు తొడుగును వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. గేరు లివరుకు చెయ్యి తగిలిందంటే, రెక్కను తిప్పినప్పుడు ఇంజిను కూడా తిరిగి అంటుకునే ప్రమాదం ఉంది.

తరువాత రెక్కకూ, ప్రొపెల్లర్ పైనున్న అడ్డ పలకకూ మధ్య ఒక చెక్కముక్క పెడితే ప్రొపెల్లర్ కదలదు. నట్టు ఊడిపోకుండా అడ్డంగా గుచ్చి ఉండే కాటర్ పిన్ కాళ్ళను పటకారుతో నిటారు చేసి లాగి, నట్టు విప్పి, వాషర్లను ఒక్కొక్కటిగా తీసి, వచ్చిన వరుసలోనే గుడ్డ మీద పరచుకోవాలి. ఆ వరుసను ఫోనుతో ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. ప్రొపెల్లర్ వచ్చేశాక దాని వెనకనున్న మందపాటి థ్రస్ట్ వాషర్‌ను కూడా తప్పనిసరిగా తీసి చూడాలి. అసలు సమస్య తరచుగా అక్కడే దాగి ఉంటుంది. షాఫ్టుకు చుట్టుకున్న నైలాన్ దారం రాపిడి వేడికి కరిగి గట్టిపడి, నల్లటి ఉంగరంలా బిగుసుకుంటుంది. పైకి చూస్తే అది ఇంజిను భాగమేననిపిస్తుంది, గోటితో గీరితేనే పోగులుగా విడిపోతుంది. ఆ దారం లోపలి ఆయిల్ సీల్‌ను కోసిందంటే గేరు పెట్టెలోకి ఉప్పునీరు చేరుతుంది. ఇంజినును రాత్రంతా నిటారుగా ఉంచి, ఉదయం గేరు పెట్టె కింది స్క్రూను కొద్దిగా వదులు చేసి చూడాలి. ముందు నీళ్ళు వచ్చినా, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నా సీల్ పోయినట్టే. అప్పుడు రెక్కలను ఎంత బాగుచేసినా ఉపయోగం ఉండదు, ముందు సీల్ మార్పించాలి.

రెక్కల మీది దెబ్బలు అన్నీ ఒక రకం కావు. అంచున గోరంత నొక్కులు, గరుకు పళ్ళు ఏర్పడితే వాటిని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. వంగిన రెక్కనూ, మొదలు దగ్గర పగులు కనిపించిన రెక్కనూ, ముక్క ఎగిరిపోయిన రెక్కనూ ఇంట్లో సుత్తితో కొట్టి సరిచేయాలని చూడకూడదు. అల్యూమినియాన్ని చల్లగా ఉండగా వంచితే కంటికి కనిపించని పగుళ్ళు పడతాయి. వేడి చేద్దామంటే, ఇనుములా ఎర్రబడి అది మనల్ని హెచ్చరించదు, రంగు మారకుండానే ఒక్కసారిగా కరిగి కారిపోతుంది. అటువంటి పనిని ఆర్గాన్ వెల్డింగ్ చేసే అనుభవజ్ఞుడి చేతిలో పెట్టడమే సరైనది. ఒకసారి నేను తొందరపడి, ప్రొపెల్లర్ల పని తెలియని వెల్డింగు దుకాణంలో ఇచ్చాను. అతికిన రెక్క చూడటానికి నున్నగానే ఉన్నా తక్కిన రెండింటికంటే మందంగా ఉండి, వేగం పెంచగానే పడవ వెనక పలక అంతా వణికింది. ఆ వణుకే కొనసాగితే బేరింగులూ, సీలూ పాడవుతాయి.

ఇంట్లో చేసుకోగల పనికి అరచందమామ ఆకారపు ఆకురాయి, గరుకు కాగితం చాలు. ముందుగా, దెబ్బతినని రెక్క ఆకారాన్ని అట్టముక్క మీద గీసి కత్తిరించుకుని, ఆ అట్టను తక్కిన రెక్కల మీద పెట్టి చూస్తే ఎక్కడ ఎంత పోయిందో తెలుస్తుంది. నొక్కు లోతు ఎంత ఉంటే అంత మేరా అంచు మొత్తాన్ని అరగదీయకూడదు. నొక్కు రెండు వైపులా కొద్దికొద్దిగా వాలు ఇస్తూ, పల్లం నునుపుగా కలిసిపోయేలా ఆకురాయిని ఒకే దిశలో నడిపించాలి. నీటిని ముందుగా కోసే అంచుకు మొదట్లో ఉన్న గుండ్రదనమే ఉండాలి, కత్తిలా పదును పెట్టకూడదు.

ఆ తరువాత తూకం చూడాలి. ప్రొపెల్లర్ నడిమి రంధ్రంలో రెండు వైపులా చెక్క బిరడాలు బిగించి, వాటి నడిమధ్య నుంచి నున్నటి కడ్డీ దూర్చి, ఒకే మట్టంలో ఉన్న రెండు అంచుల మీద ఆనించి వదిలితే బరువైన రెక్క కిందికి దిగుతుంది. ఎన్నిసార్లు తిప్పినా అదే రెక్క కిందికి వస్తుంటే, దాని అంచులను ముట్టకుండా వెనక ముఖాన్ని గరుకు కాగితంతో పలచబరచాలి. ఏ రెక్కా పనిగట్టుకుని దిగకుండా ప్రొపెల్లర్ ఎక్కడ ఆపితే అక్కడ నిలిచేదాకా ఓపికగా చేయవలసిన పని ఇది.

రెక్కలన్నీ బాగున్నా ఇంజిను గట్టిగా అరుస్తూ పడవ మాత్రం కదలకపోతే, హబ్ (రెక్కలు అతికి ఉండే నడిమి భాగం) లోపలి రబ్బరు బుష్ జారుతోందేమో చూడాలి. లోపలి గొట్టం మీదుగా బయటి లోహం మీదికి ఒకే గీత గీసి, కొద్దిసేపు నడిపి చూస్తే, జారినప్పుడు గీత రెండు ముక్కలై పక్కకు తొలగి ఉంటుంది. ఆ స్థితిలో థ్రాటిల్ బాగా తగ్గించి నడిపితే చాలాసార్లు ఒడ్డుకు చేరుకోవచ్చు. కొన్ని పాత చిన్న ఇంజిన్లలో రబ్బరు బదులు షియర్ పిన్ ఉంటుంది. రెక్క దేనికైనా తగిలినప్పుడు గేర్లను కాపాడటానికి ముందుగా విరిగేలా మెత్తటి లోహంతో చేసిన పిన్ అది. దాని చోట ఇనుప మేకు దూరిస్తే, తరువాతి దెబ్బకు విరిగేవి గేర్లే.

ఇక స్పేర్ సంగతి. హబ్ మీద వరుసగా చెక్కి ఉండే రెండు అంకెలలో మొదటిది వ్యాసం, రెండవది పిచ్, రెండూ అంగుళాలలో ఉంటాయి. ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగినప్పుడు, జారుడు లేదనుకుంటే, ముందుకు సాగే దూరమే పిచ్. అది ఒక్క అంగుళం మారితే ఇంజిను వేగం నిమిషానికి సుమారు 200 చుట్ల వరకు తేడా వస్తుంది. పిచ్ ఎక్కువైతే ఇంజిను బరువు లాగలేక మూలుగుతుంది, తక్కువైతే మితిమీరి తిరుగుతుంది. అందువల్ల షాఫ్టు పళ్ళకు పట్టిందన్న ఒక్క కారణంతో ఏదో ఒక స్పేర్ కొనకూడదు.

నా మటుకు, కొత్తది కొన్నప్పుడు దానిని ఇంజినుకు బిగించి, బాగుచేసిన పాతదాన్ని స్పేరుగా ఉంచుకోవడమే మేలు. అయితే దానిని ఒక రోజంతా ఇంజినుకు బిగించి, మామూలు బరువుతో నడిపి, వణుకు లేదని నిర్ధారించుకున్న తరువాతే సంచిలో పెట్టాలి. ఆ సంచిలో ప్రొపెల్లర్ ఒక్కటే ఉంటే సరిపోదు. నట్టు, వాషర్లు, థ్రస్ట్ వాషర్, తుప్పు పట్టని కాటర్ పిన్నులు మూడు నాలుగు, సరిపోయే పానా, పటకారు, చెక్కముక్క, చిన్న డబ్బాలో నీటికి కరగని గ్రీజు కూడా ఉండాలి. ప్రతి పనిముట్టుకూ మూరెడు తాడు కట్టి ఉంచాలి. అలల మీద ఊగుతున్న పడవలో తడి వేళ్ళతో నట్టు విప్పేటప్పుడు అది జారితే సముద్రంలోకే పోతుంది.

నడిసముద్రంలో మార్చవలసి వస్తే లంగరు వేసి, ఇంజినును పైకెత్తి గొళ్ళెం పడిందో లేదో చూసుకుని, ప్లగ్గు తొడుగులు తీసి, ప్రొపెల్లర్ కింద వలముక్క ఒకటి జోలెలా కట్టాలి. ఒకరు విప్పుతుంటే మరొకరు అతని నడుము పట్టుకోవాలి. షాఫ్టు పళ్ళకు గ్రీజు పూసి, తీసిన వరుసకు తిరుగు వరుసలో అన్నీ ఎక్కించి, ఇంజిను పుస్తకంలో చెప్పినంత బిగువుగా నట్టు బిగించి, కొత్త కాటర్ పిన్ వేసి కాళ్ళు విడదీయాలి. ఒకసారి వంచిన పిన్‌ను మళ్ళీ వాడకూడదు. ఒడ్డుకు చేరాక నట్టు బిగువును మరొక్కసారి చూసి, విప్పిన ప్రొపెల్లర్‌ను మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి, ఏ రెక్కకు ఎంత దెబ్బ తగిలిందో ఆ రోజే అట్ట పెట్టి చూసుకోవాలి.