డోకో అల్లుదాం – 4వ పాఠం: చీలిక పక్కకి పోతుంటే

డోకో అంటే నేపాల్ కొండల్లో మోతకి వాడే వెదురు బుట్ట. దాని అడుగు ఇవాళే మొదలుపెట్టాలి. పెడదాం, కానీ చివర్లో. కిందటి పాఠంలో వెదురు బద్దల్ని పేళ్లుగా, అంటే అల్లికకి పనికొచ్చే పల్చటి చీలికలుగా, చీల్చమన్నాను. మీరు పంపిన ఫొటోలు చూశాను. దాదాపు అన్నిటికీ ఒకటే జబ్బు: మొదట్లో రెండు సగాలూ సమానంగా వచ్చాయి, కణుపు దాటగానే ఒకటి పల్చబడింది, ఇంకో మూరెడు దూరం పోయేసరికి కాగితంలా అయి తెగిపోయింది. ఇలాంటి పేళ్లతో అడుగు అల్లినా నిలవదు. కాబట్టి ముందు ఇది తేలాలి.

చాలామంది వెదురుని అనుమానించారు. నేపాల్ నడిమి కొండల్లో డోకోకి బాగా వాడేది తామా బాఁస్. శాస్త్రీయంగా డెండ్రోకలామస్ హామిల్టోనీ. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం ఎక్కువ, పేడు సాఫీగా వస్తుంది. ఇంకా పైకి, చలి కొండల్లోకి వెళ్తే నిగాలో అనే సన్నటి వెదురు వాడతారు. ఉత్తరాఖండ్‌లో అలాంటి సన్న వెదుళ్లనే రింగాల్ అంటారు. ఇవి మనకి దొరకవు, దొరకాల్సిన పని కూడా లేదు. మీ ఊళ్లో మేదరివాళ్లు తట్టలకీ చేటలకీ ఏ వెదురు తెస్తారో అదే అడిగి కొనుక్కోండి. పచ్చిది కావాలి. ఈ ఏటి లేత బొంగు వద్దు, మరీ ముదిరిపోయిందీ వద్దు. రెండేళ్లు, మూడేళ్లు దాటింది సరిపోతుంది. ఎండిపోయి ఉంటే నానబెట్టండి.

కొందరు కత్తిని అనుమానించారు. కత్తి పని నోరు తెరవడం వరకే. చివర అంగుళం, అంగుళమున్నర లోపలికి దిగాక దాన్ని పక్కన పెట్టేయాలి. అక్కడి నుంచి చీల్చేది చేతులే. నేనైతే ఖుకురి, అంటే నేపాలీల వంకర కత్తి, కూడా వాడను, దాని బరువు ఇంత సన్నటి పనికి ఎక్కువ. చిన్న కొడవలి చాలు. చీల్చడం సన్నటి కొస నుంచి మొదలుపెడతాను. మొదలు వైపు నుంచి చీల్చేవాళ్లూ ఉన్నారు, మీ చేతికి ఎలా కుదిరితే అలా చేయండి. బొటనవేలికి మాత్రం గుడ్డ చుట్టుకోండి. పచ్చి వెదురు అంచు బ్లేడుకి తీసిపోదు.

ఇక అసలు సంగతి. చీలిక ఎప్పుడూ ఎక్కువ వంగిన వైపుకే పోతుంది. ఈ ఒక్క వాక్యం గోడ మీద రాసిపెట్టుకోండి.

మీ చేతిలో రెండు సగాలు ఉన్నాయి. ఎడమది పల్చబడుతోంది, కుడిది దళసరి అవుతోంది. అప్పుడు అందరి చెయ్యీ ఏం చేస్తుంది? పల్చటిది తేలిగ్గా వంగుతుంది కాబట్టి దాన్నే ఇంకాస్త వంచి లాగుతుంది. చీలిక దానిలోకే దిగి ఇంకా పల్చన చేస్తుంది. రెండు లాగులకి తెగిపోతుంది. నన్ను బాగా విసిగించే తప్పు ఇదే, ఎందుకంటే చెయ్యి తనంతట తాను చేసేస్తుంది, చెప్పినా ఆగదు. చేయాల్సింది దీనికి తిరగేసి: పల్చటిదాన్ని తిన్నగా బిగబట్టి ఉంచండి, దళసరిదాన్ని వంచండి. గట్టిగానే వంచండి. చీలిక నెమ్మదిగా దళసరి వైపు జరిగి మళ్లీ మధ్యకి వస్తుంది. వచ్చిందని కనిపించగానే రెండిటినీ సమానంగా వంచుతూ సాగండి.

దళసరిది చేతికి లొంగకపోతే పల్చటిదాన్ని కాలి బొటనవేలి కింద నేలకి నొక్కిపెట్టి, దళసరిదాన్ని రెండు చేతులతో పైకి వంచుతూ లాగండి. కణుపు దగ్గర ఇంకా నెమ్మది. అక్కడ ఈనెలు, అంటే వెదురు లోపలి పోగులు, తిన్నగా ఉండవు, మెలికపడతాయి, చీలిక దారి తప్పేది అక్కడే. కణుపు వస్తోందనగానే ఆగండి, రెండు సగాల మందం చూసుకోండి, తేడా ఉంటే కణుపుకి ముందే సరిచేసుకోండి. దాటాక సరిచేద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది.

ఇంకొందరు దళసరి బద్ద నుంచి ఒక్కొక్క పల్చటి పేడు ఒలుస్తూ వచ్చారు. ఇది కూడా అదే జబ్బు. పల్చటిదీ దళసరిదీ పక్కపక్కన ఉంటే వంపు ఎప్పుడూ పల్చటిదానికే పోతుంది. అందుకే సగానికి సగం చీల్చాలి: ఒకటి రెండు, రెండు నాలుగు. లోపలి బెండు పొర బలహీనం, దాన్ని తీసి పొయ్యిలో పెట్టండి. పైనున్న నునుపు పొరలోనే ఈనెలు చిక్కగా ఉంటాయి, బలమంతా అదే. గీకాల్సి వస్తే లోపలి వైపే గీకండి, పై పొరని ముట్టుకోవద్దు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. డోకోని నుదుటి మీద నామ్లో పట్టీతో మోస్తారు. గడ్డి, కట్టెలు, పేడ ఎరువు, ఇటుకలు, ఒక్కోసారి నడవలేని రోగిని కూడా. నేపాల్ మోతగాళ్ల మీద 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో మగవాళ్లు మోసిన బరువు సగటున వాళ్ల ఒంటి బరువులో 90 శాతం దాటింది. దిగుడు మెట్ల మీద అంత బరువు మోస్తుంటే ఒక్క పల్చటి పేడు తెగినా దాని భారం పక్క పేళ్ల మీద పడుతుంది. సగటున మంచిగా ఉన్న పేడు పనికిరాదు, ఎక్కడా పల్చబడనిది కావాలి.

ఇప్పుడు అడుగు. డోకో గోడలో పేళ్ల మధ్య కనిపించే ఆరు మూలల ఖాళీనే కన్ను అంటాం, అది మూడు దిక్కుల పేళ్లతో వస్తుంది. ఒక్కో దిక్కుకి రెండు చొప్పున ఆరు పేళ్లు తీసుకోండి. మొదటి దిక్కువి రెండు పరవండి. రెండో దిక్కువి రెండూ వాటి మీద ఏటవాలుగా, అరవై డిగ్రీల వాలులో వేయండి, అల్లొద్దు. మూడో దిక్కువి దూర్చేటప్పుడు ఒకటే నియమం: మొదటివాటి కిందుగా, రెండోవాటి మీదుగా. అంటే రెండు ఒకటి మీద, మూడు రెండు మీద, ఒకటి మూడు మీద. ఎక్కడా తప్పదు. ముడి లేదు, తాడు లేదు, అయినా కన్ను జారదు. జారుతోందంటే ఎక్కడో ఒక చోట కిందామీదా మారింది. విప్పి చూసుకోండి. ఎవరికైనా పొరపాటున అయిదు మూలల కన్ను వస్తే అల్లిక బల్లపరుపుగా ఉండక గిన్నెలా లేస్తుంది. దాన్ని పారేయకండి, అడుగు నుంచి గోడకి తిరిగేటప్పుడు మనకి కావాల్సింది అదే, అయిదో పాఠంలో చూద్దాం.

అభ్యాసం: చీల్చని నిండు బొంగులు రెండు. వాటి నుంచి బారెడు పొడవు, చిటికెనవేలి వెడల్పు ఉన్న పేళ్లు ఇరవై నాలుగు. ఒక్కో పేడునీ రెండు కొసలూ పట్టుకుని విల్లులా వంచండి. వంపు గుండ్రంగా రావాలి. ఎక్కడైనా మడత పడినట్టు మొన తేలితే అక్కడ పల్చగా ఉందని అర్థం, అది లెక్కలోకి రాదు. ఇరవై నాలుగూ నెగ్గాకే ఆరు పేళ్ల కన్ను వేయండి, తర్వాత దాని చుట్టూ ఆరు కన్నులు. వారం పట్టినా పట్టనివ్వండి.