కార్బొరేటర్ మార్చాక అంబాసిడర్ మొండికేస్తే

పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బొరేటర్ పాతది ఉన్నప్పుడు మా అంబాసిడర్ కారు సిగ్నల్ దగ్గర ఆగిందంటే ఆగిపోయేది. కొత్తది బిగించాక ఆగమన్నా ఆగదు. ఇంటి ముందు నిలబెడితే ఇంజిన్ వేగం (రేసింగ్) పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. మూడు రోజులు పెట్రోల్ ఎక్కువ తక్కువలు సరిచేసే మిక్చర్ స్క్రూ తిప్పుతూ కూర్చున్నాను. నాలుగో రోజు తిరుపతిలోనే పాత కార్లు చూసే ఒక పెద్ద మేస్త్రీని బతిమాలి పిలుచుకొచ్చాను. ఆయన బానెట్ ఎత్తి, స్క్రూ జోలికే పోలేదు. "పైన ఏముంది అబ్బయ్యా, కింద చూడు" అని కార్బొరేటర్ మొత్తం విప్పించాడు. కార్బొరేటర్ నుంచి ఇంజిన్‌లోకి దారితీసే గొట్టం, అదే మానిఫోల్డ్, దాని మీద పాత ప్యాకింగ్ (గాస్కెట్) ముక్క ఒకటి, గోరంత, నల్లగా అంటుకుని ఉంది. కొత్త ప్యాకింగ్ దాని మీద కూర్చుని ఒక పక్క లేచింది. ఆ సందులోంచి ఇంజిన్ గాలి పీలుస్తోంది. నేను మూడు రోజులు తిప్పిన స్క్రూకు, ఆ గాలికి సంబంధమే లేదు.

అప్పటి నుంచి నా కారుతో, తెలిసినవాళ్ళ కార్లతో పడ్డ పాట్ల నుంచి రాస్తున్నదే ఇది. ఇది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, సోలెక్స్ రకం కార్బొరేటర్ ఉన్న అంబాసిడర్ గురించి. ప్రీమియర్ పద్మిని కారుకు కూడా చాలావరకు పనికొస్తుంది. ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన 1.8 లీటర్ల బండి వేరే కథ, దాన్ని ఇందులో కలపొద్దు.

పాతది విప్పే ముందు ఫోన్‌తో నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీసుకోండి. ఏ ట్యూబు ఎక్కడిది, ఏ స్ప్రింగు ఏ రంధ్రానికి తగిలించి ఉంది అన్నది రెండు గంటల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఇంకోటి, పాత కార్బొరేటర్‌ను పాత సామాన్లవాడికి వేయకండి. ఎందుకో కింద చెప్తాను.

సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవడం లేదు

కొత్త కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె ఖాళీగా ఉంటుంది. పంపు దాన్ని నింపేదాకా సెల్ఫ్ కొడుతూ ఉంటే బ్యాటరీ దిగిపోతుంది. కొన్ని పంపులకు చేత్తో ఆడించే చిన్న లివర్ ఉంటుంది, దాంతో నింపుకోవచ్చు. లేకపోతే కార్బొరేటర్ దగ్గర పెట్రోల్ పైపు ఊడదీసి సీసాలో పెట్టి, కాయిల్ వైరు తీసేసి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. పెట్రోల్ ఆగి ఆగి చిమ్ముతూ రావాలి. రాకపోతే పంపు, పైపు, ట్యాంకు వైపు వెతకండి. వస్తుంటే చల్లటి ఇంజిన్ అందుకోవడానికి గాలి తగ్గించే చోక్ చూడండి. డాష్‌బోర్డులో నాబ్ పూర్తిగా లాగినా పైన చోక్ రేకు సగమే మూసుకుంటుంది చాలాసార్లు, కేబుల్‌ను క్లిప్పులో తప్పు చోట బిగించి ఉంటారు కాబట్టి.

పెట్రోల్ కారుతోంది, వాసన వస్తోంది

దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు. అంబాసిడర్ ఇంజిన్‌లో ఇన్లెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ ఒకే పక్కన ఉంటాయి. కార్బొరేటర్ నుంచి కారింది నేరుగా వేడి ఇనుము మీద పడుతుంది. ఇంజిన్ ఆపేయండి, బ్యాటరీ తీగ విప్పండి, పక్కన బకెట్ ఇసుకో మంట ఆర్పే సిలిండరో పెట్టుకుని అప్పుడు చెయ్యి పెట్టండి.

నూటికి తొంభైసార్లు తప్పు, గిన్నెలోకి పెట్రోల్ వదిలి ఆపే నీడిల్ వాల్వ్‌లో ఇరుక్కున్న చెత్తదే. పాత పైపు ఊడదీసి మళ్ళీ తొడిగేటప్పుడు లోపలి తుప్పు, రబ్బరు పొడి రాలి నేరుగా వెళ్ళి అక్కడ కూర్చుంటాయి. మూత తీసి నీడిల్ కడిగి, గాలి కొట్టించి, పైపులో కొత్త ఫిల్టర్ పెడితే సరిపోతుంది. అప్పటికీ కారుతుంటే గిన్నెలో తేలే ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల తడి చప్పుడు వినిపిస్తే చిల్లు పడినట్టే. నీడిల్ వాల్వ్ కింద చిన్న వాషర్ ఉంటుంది, దాని మందాన్ని బట్టే గిన్నెలో పెట్రోల్ మట్టం ఉంటుంది. కొత్తదానికి ఆ వాషర్ వేయకుండా అమ్మినవాళ్ళనూ చూశాను.

స్లో స్పీడ్ (ఐడ్లింగ్) నిలవదు, లేదా రేసింగ్ తగ్గదు

కార్బొరేటర్ మార్చినవాళ్ళలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ముందు లింకేజీ, అంటే ఎక్స్‌లేటర్‌ను కార్బొరేటర్‌కు కలిపే రాడ్డూ స్ప్రింగూ చూడండి. ఎక్స్‌లేటర్ రాడ్డు కార్బొరేటర్ దగ్గర ఊడదీసి, చేత్తో బటర్‌ఫ్లైని (కార్బొరేటర్‌లో గాలి దారిని మూసి తెరిచే రేకు) మూయండి. రేసింగ్ వెంటనే పడిపోతే తప్పు రాడ్డు పొడవులోనో రిటర్న్ స్ప్రింగులోనో ఉంది. కొత్త కార్బొరేటర్ లివర్ ఒక సూది వాసి పొట్టిగా ఉన్నా రాడ్డు బటర్‌ఫ్లైని పూర్తిగా మూసుకోనివ్వదు.

అది కాకపోతే ఎక్కడో దొంగగాలి వెళ్తోంది. కార్బొరేటర్ కొలిచి పంపే గాలి కాకుండా, దాని కిందనుంచి ఇంకో దారిలో దూరే గాలి. మిక్చర్ స్క్రూ పూర్తిగా లోపలికి తిప్పినా ఇంజిన్ శబ్దం మారడం లేదంటే అనుమానం అక్కర్లేదు, ముందు దీన్నే వెతకండి. నీళ్ళు పోసిన స్ప్రే సీసా ఒకటి తీసుకోండి. ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, కార్బొరేటర్ అడుగున, దాని కింద వేడి ఆపడానికి ఉండే ఇన్సులేటర్ దిమ్మ చుట్టూ, మానిఫోల్డ్ ప్యాకింగుల దగ్గర కొంచెం కొంచెంగా కొట్టండి. డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) మీద పడనీయకండి. ఒక చోట కొట్టగానే ఇంజిన్ శబ్దం మారిందంటే దొంగ దొరికినట్టే. పెట్రోల్ చిమ్మి చూసే మేస్త్రీలు ఉన్నారు. వాళ్ళ ధైర్యం వాళ్ళది, మీరు చేయకండి.

ట్యూబులు కూడా చూడండి. డెల్కోకు వెళ్ళే సన్నని వాక్యూమ్ ట్యూబు కొత్తదానికి తొడగడం మర్చిపోయి ఉండొచ్చు. కొత్తదానికి ఒక రంధ్రం ఎక్కువ ఉంటే దాన్ని రబ్బరు మూతతో మూసేయాలి.

ట్యూబులన్నీ బాగున్నాయంటే ఇక అడుగు. సోలెక్స్ రెండు నట్ల మీద కూర్చుంటుంది. బాగా బిగిస్తే గాలి పోదనుకుని బలమంతా ఉపయోగిస్తాం. చెవులు కిందికి వంగి, నడుమ భాగం విల్లులా లేస్తుంది. ఆ తర్వాత ఎంత బిగిస్తే అంత సందు. స్టీల్ స్కేలును అడుగున నిలువుగా ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మధ్యలోంచి వెలుగు కనిపిస్తే వంగినట్టే.

సరిచేయడానికి లేత్‌కు వెళ్ళక్కర్లేదు. స్టడ్‌లు మానిఫోల్డ్‌కే ఉంటాయి కాబట్టి కార్బొరేటర్ అడుగు చదునుగా చేతికి వస్తుంది. రంధ్రాల్లో గుడ్డ పీలికలు కుక్కండి. టేబుల్ మీద మందపాటి అద్దం ముక్క, దాని మీద సన్న ఎమరీ పేపర్, రెండు చుక్కల నూనె. కార్బొరేటర్‌ను రెండు చేతులతో పట్టుకుని, నొక్కకుండా, ఎనిమిది అంకె రాసినట్టు తిప్పండి. ముందు చెవుల దగ్గర మాత్రమే తెల్లగా మెరుస్తుంది, నడుమ నల్లగానే ఉంటుంది. ఆ నలుపు మెల్లగా చిన్నదవుతూ వచ్చి అడుగంతా ఒకే మెరుపు వచ్చినప్పుడు ఆపండి. నాకు గంట పట్టింది, చేతులు లాగేశాయి. తర్వాత పెట్రోల్‌తో కడిగి గాలి కొట్టించకపోతే ఆ పొడి జెట్టుల్లోకి (పెట్రోల్ కొలతగా వదిలే సన్న రంధ్రాలు) పోతుంది. బిగించేటప్పుడు ఒక నట్టు కొంచెం, ఇంకో నట్టు కొంచెం, మార్చి మార్చి. ప్యాకింగులు రెండు మూడు పేర్చడం, సిలికాన్ పూయడం పనికిరాని పని. పెట్రోల్‌కు మామూలు సిలికాన్ ఉబ్బి ఊడి మానిఫోల్డ్‌లోకి పోతుంది.

ఇదంతా చేశాకే మిక్చర్ స్క్రూ. మెల్లగా చివరిదాకా బిగించి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు విప్పండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, శబ్దం ఎక్కడ నున్నగా, వేగంగా ఉందో అక్కడిదాకా తిప్పి, స్లో స్పీడ్ స్క్రూతో తగ్గించుకోండి. సోలెక్స్‌లో లోపలికి తిప్పితే పెట్రోల్ తగ్గుతుంది.

పాత కార్బొరేటర్ మార్చాలనిపించింది కూడా బహుశా ఇందుకే అయి ఉంటుంది. బటర్‌ఫ్లై ఇరుసు అరిగి, పట్టుకుని ఊపితే టకటకమంటుంది, ఆ సందులోంచి గాలి. అదొక్కటే లోపమైతే మంచి లేత్ పనివాడు బుష్షులు వేసి ఇస్తాడు. పాతదాన్ని పారేయొద్దన్నది అందుకే. దాని జెట్టులు కంపెనీవి. ఇప్పుడు బజారులో దొరికే నకలు కార్బొరేటర్లలో జెట్టు మీద రాసిన అంకె ఒకటి, లోపలి రంధ్రం ఇంకొకటి.

తొక్కగానే ఒక్క క్షణం ముక్కుతుంది

ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ ఎక్స్‌లేటర్ లివర్ ఒకసారి లాగండి. సన్నని ధార వెంటనే పడాలి. పడకపోతే ఆ ధార చిమ్మే యాక్సిలరేటర్ పంపులోని పొర (డయాఫ్రమ్) ఎండిపోయింది, లేదా దాని జెట్టు మూసుకుంది. ధార ఆలస్యంగా వస్తే లివర్ పిన్ను రంధ్రం అరిగింది. మరీ పాత బండ్లకు ఎస్‌యూ కార్బొరేటర్ ఉంటుంది, దానికి ఈ పంపే ఉండదు. దానికైతే పైన గుండ్రటి మూత విప్పి లోపల నూనె ఉందో లేదో చూడండి. ఆ నూనె ఎండిపోతే ఇలాగే ముక్కుతుంది.

ఎత్తు ఎక్కలేదు, పికప్ లేదు

నేను పరీక్షకు భాకరాపేట ఘాట్ తీసుకెళ్తాను. చదునుగా ఉండే రేణిగుంట రోడ్డులో అన్ని బండ్లూ బాగానే పోతాయి, అసలు రంగు బయటపడేది ఘాట్‌లో మూడో గేర్‌లోనే.

ముందు చాలా చిన్న విషయం. ఒకరిని లోపల కూర్చోబెట్టి ఎక్స్‌లేటర్ పూర్తిగా తొక్కమనండి, బటర్‌ఫ్లై నిలువుగా నిలబడిందా చూడండి. రాడ్డు తేడాతో ముప్పావు భాగమే తెరుచుకుని, జెట్టులు మారుస్తూ తిరిగినవాళ్ళు ఉన్నారు. తర్వాత ఫిల్టర్, పెట్రోల్ ట్యాంకు మూతలో గాలి రంధ్రం. ఆ తర్వాత మెయిన్ జెట్.

ఎక్కేటప్పుడు కార్బొరేటర్‌లోంచి టప్ టప్‌మని తిరుగు పేలుళ్ళు, ప్లగ్గులు తెల్లగా ఉండటం అంటే పెట్రోల్ చాలడం లేదు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. మామూలు పెట్రోల్ కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే అదే గాలికి ఇప్పుడు ఎక్కువ ఇంధనం పోవాలి, కానీ జెట్టు రంధ్రం పాత లెక్కలోనే ఉంది. సోలెక్స్ జెట్టు మీది అంకె మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. 120 అంటే 1.20 మి.మీ. ఒక మెట్టు, అంటే 5 అంకెలు పెంచి, ఘాట్ ఎక్కి, ప్లగ్గు తీసి చూడండి. లేత గోధుమ రంగు వస్తే చాలు. జెట్టును డ్రిల్ చేయడం మాత్రం వద్దు, వెనక్కి రాలేరు. పాత రబ్బరు ట్యూబులు, డయాఫ్రమ్‌లు కూడా ఈ పెట్రోల్‌కు మెత్తబడి పాడవుతాయి కాబట్టి, కార్బొరేటర్ విప్పిన చేత్తోనే వాటినీ మార్చేయండి.

నల్ల పొగ వస్తే దీనికి తిరగబడ్డ లెక్క. చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుంది, లేదా ఫ్లోట్ మట్టం ఎక్కువైంది.

వీటిలో ఏదీ కాకపోతే కార్బొరేటర్‌ను వదిలేసి డెల్కో మూత తీయండి. స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే ప్లాటినం పాయింట్ల సందు 0.015 అంగుళం, ప్లగ్గు సందు 0.025 అంగుళం. ఆ పాయింట్లకు కలిపి ఉండే కండెన్సర్ చెడినా అచ్చం పెట్రోల్ అందనట్టే జర్క్ ఇస్తుంది.

వేడిగా ఉన్నప్పుడు ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు

మే నెలలో చంద్రగిరి దగ్గర టీకి ఆగాం. పది నిమిషాలకు వచ్చి సెల్ఫ్ కొడితే ఉలుకూ పలుకూ లేదు. చుట్టూ చేరినవాళ్ళలో ఒకరు బ్యాటరీ అన్నారు, ఒకరు తోయమన్నారు. మా ఆవిడ మాత్రం, "పాతది ఉన్నప్పుడు ఇట్లా ఎప్పుడూ కాలేదు గదా" అంది. సరిగ్గా అక్కడే ఉంది విషయం.

ఇలాంటప్పుడు ఎయిర్ ఫిల్టర్ తీసి గొంతులోకి చూడండి. లోపల తడిగా, ఘాటుగా వాసన వస్తుంటే గిన్నెలో పెట్రోల్ వేడికి మరిగి మానిఫోల్డ్‌లోకి పొంగింది. ఎక్స్‌లేటర్‌ను కిందిదాకా తొక్కి పట్టుకుని, పంపు కొట్టినట్టు ఆడించకుండా, సెల్ఫ్ కొట్టండి. కొంచెం ఏడ్చి అందుకుంటుంది. గొంతు పొడిగా ఉండి, లివర్ లాగినా ధార రాకపోతే పైపులోనో పంపులోనో పెట్రోల్ ఆవిరైంది. పంపు మీద తడి గుడ్డ వేసి, ఒక టీ ఎక్కువ తాగి రండి.

మా బండి గొంతు తడిగానే ఉంది. కారణం ఇంటికొచ్చాక దొరికింది. పాత కార్బొరేటర్ అడుగున వేలు మందం నల్లటి బేకలైట్ ఇన్సులేటర్ ఉండేది. మానిఫోల్డ్ వేడి పైకి ఎక్కకుండా ఆపేది అదే. కొత్తదాన్ని బిగించినప్పుడు, ప్యాకింగ్ ఉంది కదా అని నేనే దాన్ని తీసి పక్కన పెట్టాను. ఫొటోలో స్పష్టంగా కనిపిస్తోంది. షెడ్డులో పాత నట్లు వేసుకునే హార్లిక్స్ సీసా పక్కన, దుమ్ము పట్టి ఉంది. కడిగి, రెండు పక్కలా కొత్త ప్యాకింగ్ వేసి, పెట్రోల్ పైపును ఎగ్జాస్ట్‌కు నాలుగు వేళ్ళ దూరం జరిపి కట్టాను. మరుసటి ఆదివారం మధ్యాహ్నం అదే టీ బంకు దగ్గర ఆపి, పది నిమిషాలు కావాలనే కూర్చుని, వచ్చి సెల్ఫ్ కొట్టాను. ఒక్క కొట్టుకే అందుకుంది.