45 నిమిషాల పీరియడులో రెండో భాష నేర్పడం ఎలా

అనంతపురం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి పిల్లలకు ఇంగ్లీషులోని వర్తమాన కాలం గురించి మూడు రోజులు చెప్పాను. 'హీ', 'షీ', 'ఇట్' వచ్చినప్పుడు క్రియ చివర 'ఎస్' చేరుతుందన్న సూత్రాన్ని నల్లబల్ల మీద రాసి, నలభై మంది చేత ఒప్పజెప్పించి, నాలుగో రోజు స్లిప్ టెస్టు పెడితే చాలామందికి పూర్తి మార్కులు వచ్చాయి. ఆ మధ్యాహ్నమే, సూత్రాన్ని అందరికంటే గట్టిగా ఒప్పజెప్పిన అమ్మాయి నా దగ్గరికి వచ్చి, పక్క బెంచీ పిల్లను చూపిస్తూ, 'సార్, షీ సిట్ ఇన్ మై ప్లేస్ డైలీ' అని ఫిర్యాదు చేసింది. ఆ రోజు నాకు కోపం వచ్చింది. నిజానికి ఆమె సూత్రం మరిచిపోలేదు; అడిగితే అప్పటికప్పుడు చెప్పగలదు. సూత్రం తెలియడం వేరు, మాట్లాడే వేగంలో అది నోటికి అందడం వేరు అన్న సంగతి నాకే తెలియదు.

రెండో భాష నేర్పేవారు మొదట ఒప్పుకోవలసిన విషయం ఇదే. మనం చెప్పిన వరుసలో పిల్లలు నేర్చుకోరు. స్పానిష్, చైనీస్ ఇళ్ళ నుంచి వచ్చి ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలను డ్యూలే, బర్ట్ అనే పరిశోధకులు పరిశీలించి 1974లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఇంటి భాషలు వేరైనా ఆ పిల్లలకు ఇంగ్లీషు ప్రత్యయాలు దాదాపు ఒకే క్రమంలో పట్టుబడ్డాయి. 'ఇంగ్' ముందుగా వచ్చింది. పాఠ్యపుస్తకాలలో మొదటి నెలలోనే కనిపించే ఆ 'షీ సిట్స్' లోని 'ఎస్' మాత్రం బాగా ఆలస్యంగా వచ్చింది. జర్మనీలో ఇటాలియన్ పిల్లలకు జర్మన్ వాక్య నిర్మాణం నేర్పి చూసిన పీనెమన్ కూడా, అంతకు ముందు మెట్టు మీదికి చేరుకున్న పిల్లలకే ఆ పాఠం పనికివచ్చిందనీ, ఇంకా కింద ఉన్నవారికి ఎంత చెప్పినా నిలవలేదనీ గమనించాడు. కాబట్టి ఈరోజు చెప్పిన వ్యాకరణం రేపు నోట రాకపోతే అది పిల్లల నిర్లక్ష్యమూ కాదు, మన అసమర్థతా కాదు. మన చేతిలో ఉన్నది వేరే పని: పిల్లలకు అర్థమయ్యే ఇంగ్లీషును వీలైనంత ఎక్కువగా వినిపించడం, చదివించడం, దానితో ఏదో ఒక పని చేయించడం.

ఎంత ఎక్కువగా అన్నది కొంచెం లెక్క వేసి చూద్దాం. రోజుకు 45 నిమిషాల పీరియడు ఒకటి, ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే మొత్తం 165 గంటలు. రోజుకు అయిదు గంటలు ఇంటి మాట వినే పసిబిడ్డ ఈ లెక్కను 33 రోజుల్లో దాటేస్తాడు. మనకున్న 165 గంటల్లోనూ హాజరు, పరీక్షలు, నోట్సు రాయించడం పోగా మిగిలేది ఎంతో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకున్న తీరును మన పిల్లలకు ఆదర్శంగా చూపించడం సభల్లో పరిపాటి. ఆయన చుట్టూ ఊరంతా తెలుగే ఉంది, చేయవలసిన పనీ తెలుగువారితోనే. మన పిల్లవాడికి ఇంగ్లీషు ఆ ఒక్క పీరియడులోనే దొరుకుతుంది. అందులో ముప్పై నిమిషాలు ఇంగ్లీషు గురించి తెలుగులో చెబితే, ఇక ఇంగ్లీషు దొరికేది పదిహేను నిమిషాలే.

అలాగని తెలుగును తరగతి నుంచి వెళ్ళగొట్టమని నా ఉద్దేశం కాదు. అసలు మీ తరగతిలో ఎవరి ఇంట ఏ భాష నడుస్తుందో మొదటి వారంలోనే తెలుసుకోవాలి. రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం మాట్లాడే ఇళ్ళున్నాయి. ఆదోని, కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ ఇళ్ళున్నాయి. కదిరి చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే సుగాలి పిల్లలకు ఇంటి మాట వేరు. వీరందరికీ మనం 'సులభంగా అర్థమవుతుందని' తెలుగులో చేసే వివరణే ఒక రెండో భాష. తెలుగు ఇళ్ళ పిల్లలకు సైతం 'యాడికి పోతాండావు' అనేది ఇల్లు, 'ఎక్కడికి వెళుతున్నావు' అనేది పుస్తకం. ఒక కష్టమైన మాటకు తెలుగు అర్థం అయిదు సెకన్లలో చెప్పి ముందుకు సాగడం మంచి పద్ధతే. ప్రతి ఇంగ్లీషు వాక్యం వెనుక దాని తెలుగు అనువాదం చెబుతూ పోవడం మాత్రం మానుకోవాలి, ఎందుకంటే అనువాదం ఎలాగూ వస్తుందని తెలిసిన పిల్లవాడు మొదటి వాక్యం వినడు.

మరి అర్థమయ్యేలా ఇంగ్లీషులో మాట్లాడడం ఎలా? వస్తువును చేతిలో పట్టుకుని మాట్లాడాలి. పిడికెడు చెనక్కాయలు తెచ్చి (కర్నూలు వైపైతే వీటినే బుడ్డలు అంటారు, పిల్లలతో ఆ తేడా గురించి ఒక నిమిషం నవ్వుకున్నా నష్టం లేదు), ఒకటి పైకెత్తి, 'లుక్. దిస్ ఈజ్ ఎ గ్రౌండ్‌నట్. ఐ యామ్ బ్రేకింగ్ ద షెల్. హౌ మెనీ నట్స్ ఆర్ ఇన్‌సైడ్?' అని అడగండి. పిల్లలు వేళ్ళు చూపిస్తే చాలు, మొదట్లో నోరు విప్పమని బలవంతం చేయవద్దు. తర్వాత 'గివ్ టూ నట్స్ టు ద గర్ల్ నియర్ ద విండో' అంటే ఎవరో ఒకరు లేచి ఇస్తారు. తప్పు పిల్లకు ఇస్తే తరగతే సరిదిద్దుతుంది. చిన్న వాక్యాలు, నిదానమైన వేగం, ఒకే మాట నాలుగైదు సందర్భాల్లో మళ్ళీ రావడం, చేతి సైగ, నల్లబల్ల మీద చిన్న బొమ్మ: పరికరాలు ఇవే. ఉపాధ్యాయుడి ఇంగ్లీషు గొప్పగా ఉండాలన్న భయం అక్కరలేదు. ఇలాంటి పాఠానికి కావలసిన ఇరవై వాక్యాలు ముందు రోజు రాత్రి కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది. నేను చాలా ఏళ్ళు అలాగే రాసుకున్నాను.

విన్నది అర్థమైన తర్వాత దానితో పని చేయించాలి. ఈ విషయంలో మనకు బాగా దగ్గరగా ఉన్న అనుభవం ఎన్.ఎస్. ప్రభుది. ఆయన 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని కొన్ని మామూలు పాఠశాలల్లో, కిక్కిరిసిన తరగతుల్లోనే, వ్యాకరణాంశాల వరుసను పక్కన పెట్టి కేవలం పనుల ద్వారా ఇంగ్లీషు నేర్పి చూశారు. బెంగళూరు ప్రాజెక్టుగా అది పేరుపడింది. రైళ్ళ వేళల పట్టికలు, పటాలు, లెక్కలు ఇచ్చి పిల్లల చేత సమస్యలు విప్పించేవారు. పిల్లల ధ్యాస జవాబు మీద ఉండగా భాష వెనుక నుంచి వచ్చి చేరుతుందన్నది ఆయన నమ్మకం. ఒకరికి తెలిసిన సమాచారాన్ని మరొకరికి అందించే పనులు, ఉన్న సమాచారం నుంచి తర్కంతో కొత్త విషయం రాబట్టే పనులు, సొంత అభిప్రాయం చెప్పే పనులు అని ఆయన మూడు రకాలు చూపి, తరగతికి రెండో రకమే బాగా కుదిరిందన్నారు. నా అనుభవమూ అదే. అభిప్రాయం అడిగితే పదిహేనేళ్ళ పిల్లలు సిగ్గుపడతారు. లెక్క అడిగితే పోటీ పడతారు.

మన ఊళ్ళలో అలాంటి పనికి బస్టాండు చాలు. అనంతపురం నుంచి తాడిపత్రి, ధర్మవరం, గుంతకల్లు, కదిరి వెళ్ళే బస్సుల వేళలను విచారణ కౌంటరు దగ్గర బోర్డు చూసి రాసుకు రండి. వాటిని ఇంగ్లీషులో ఒక పెద్ద చార్టు మీద రాసి, మొదట తరగతి మొత్తంతో కలిసి ఒక సమస్య విప్పండి: తాడిపత్రిలో పదకొండు గంటలకు పెళ్ళి, ప్రయాణానికి గంటన్నర పడుతుందనుకుందాం, బస్టాండు నుంచి కల్యాణ మండపానికి నడక పది నిమిషాలు, ఏ బస్సు ఎక్కాలి? ఈ ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే అడుగుతారు, జవాబుగా పిల్లలు 'ఎయిట్ థర్టీ బస్' అన్నా ఒప్పుకుంటారు, 'వై నాట్ ద నైన్ థర్టీ బస్?' అని ఎదురు అడుగుతారు. ఆ 'వై' దగ్గరే వాక్యాలు పుడతాయి. తర్వాత అలాంటిదే, కొంచెం మార్చిన సమస్యను పిల్లలకే వదిలేయాలి. ముందు అందరూ కలిసి, వెనుక ఎవరికి వారు అన్న ఈ రెండంచెల పద్ధతి కూడా ప్రభు తరగతుల్లోదే. మొదటి అంచె లేకుండా నేరుగా పని ఇస్తే వెనుక బెంచీలు తెలుగులోకి జారుకుంటాయి. ఆ తప్పు నేను రెండేళ్ళు చేశాను.

జంటలుగా కూర్చోబెట్టడానికి చాలామంది గొడవ అవుతుందని వెనుకాడతారు. గొడవ అవుతుంది, నిజమే. కానీ నలభై మందిని ఒక్కొక్కరినే లేపి మాట్లాడిస్తే పీరియడు మొత్తం మీద ఒక్కొక్కరి వంతుకు నిమిషం పైచిలుకు మాత్రమే వస్తుంది. పది నిమిషాలు జంటలుగా మాట్లాడుకోనిస్తే ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు దక్కుతాయి. ఒకరి కాగితంలో బస్సు బయలుదేరే వేళలు మాత్రమే, ఇంకొకరి దాంట్లో చేరే వేళలు మాత్రమే ఉంచి, వీపు వీపు ఆనించి కూర్చోమంటే ఒకరి కాగితం ఒకరు చూడలేరు, అడగక తప్పదు. వినడంతోనే అంతా వచ్చేస్తుందని నమ్మేవారికి కెనడా అనుభవం ఒక హెచ్చరిక. అక్కడ పాఠాలన్నీ ఫ్రెంచిలోనే విన్న ఇంగ్లీషు ఇళ్ళ పిల్లలు ఏళ్ళ తరబడి చదివిన తర్వాత ఫ్రెంచిని చక్కగా అర్థం చేసుకోగలిగినా, మాట్లాడేటప్పుడూ రాసేటప్పుడూ వ్యాకరణంలో తడబడుతూనే ఉన్నారని మెరిల్ స్వెయిన్ 1985లో చూపింది. సొంతంగా వాక్యం కట్టవలసి వచ్చినప్పుడే తనకు ఏది రాదో పిల్లవాడికి తెలుస్తుంది.

ప్రశ్న అడిగాక ఆగడం కూడా నేర్చుకోవలసిన విద్యే. అమెరికా సైన్సు తరగతులను పరిశీలించిన మేరీ బడ్ రో, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా వస్తున్నాయనీ, ఎక్కువమంది పిల్లలు ముందుకు వస్తున్నారనీ కనుగొంది. అది సొంత భాషలో చదివే పిల్లల సంగతి. మన పిల్లవాడు ప్రశ్నను అర్థం చేసుకుని, జవాబు వెతికి, దానిని ఇంగ్లీషులోకి మార్చుకోవాలి. అయిదారు సెకన్లయినా ఇవ్వాలి. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి, ఆ నిశ్శబ్దం మొదట్లో చాలా పొడవుగా అనిపిస్తుంది.

తప్పులు దిద్దడం దగ్గర ఎక్కువ నష్టం జరుగుతుంది. పిల్లల తప్పుల్లో చాలా వాటికి కారణం ఉంటుంది. 'మా నాన్న రైతు' అన్న వాక్యంలో క్రియ లేదు, అందుకే 'మై ఫాదర్ ఫార్మర్' వస్తుంది. 'నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు' అనే భాషలో 'హ్యావ్' లాంటి క్రియకు చోటు లేదు, అందుకే 'టు మీ టూ బ్రదర్స్' వస్తుంది. తెలుగులో 'ఎ', 'ద' లాంటివి లేవు కాబట్టి అవి ఏళ్ళ తరబడి జారిపోతూనే ఉంటాయి. ఇక 'షీ సిట్' మన ఒక్కరిది కాదు, ఇంగ్లీషు నేర్చుకునే లోకమంతటిదీ. వీటన్నిటినీ ఒకే రోజు దిద్దబోతే పిల్లవాడు నోరు మూసుకుంటాడు. ఒక వారానికి ఒక తప్పును ఎంచుకుని దానినే పట్టించుకోవాలి, మిగతావి వదిలేయాలి. దిద్దే తీరు కూడా ముఖ్యం. పిల్లవాడు తప్పుగా అన్నదాన్ని మనం సరిగా తిరిగి పలికి ఊరుకోవడం అందరం చేసే పనే. కెనడాలో ఫ్రెంచి తరగతులను పరిశీలించి లైస్టర్, రాంటా 1997లో చెప్పినదాని ప్రకారం, ఉపాధ్యాయులు దిద్దిన సందర్భాలలో సగానికి పైగా ఇలాంటివే, కానీ వాటిలో 31 శాతానికి మాత్రమే పిల్లల నుంచి స్పందన వచ్చింది. సరైన మాటను వారి చేతనే చెప్పించడానికి ప్రయత్నించినప్పుడు స్పందన చాలా ఎక్కువ. అందువల్ల 'మై ఫాదర్ ఫార్మర్' అన్న పిల్లవాడితో 'మై ఫాదర్...' అని ఆగి, కనుబొమలు ఎగరేసి చూడండి. సగంమంది తామే సరిచేసుకుంటారు.

వ్యాకరణం చెప్పవద్దా అంటే, చెప్పాలి, పని అయిన తర్వాత. బస్సుల పట్టికతో అరగంట కుస్తీ పట్టిన పిల్లలకు 'ద బస్ లీవ్స్' లోని 'ఎస్' ను చివరి అయిదు నిమిషాల్లో చూపిస్తే, అది వారు అప్పుడే వాడిన వాక్యం కాబట్టి కంటికి ఆనుతుంది. మళ్ళీ పది రోజులకు మరో పనిలో అదే కనిపించాలి. మాటల విషయమూ అంతే: రోజుకు ఇరవై మాటలకు అర్థాలు రాయించి బట్టీ పట్టించే కన్నా, ఆరేడు మాటలను రేపు, మూడు రోజులకు, మళ్ళీ వారానికి ఏదో ఒక నెపంతో ఎదురు పెట్టడం మేలు.

పదో తరగతి పరీక్షలు ఉన్నాయి కదా, పోర్షను ఎలా అవుతుందని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. పాఠ్యపుస్తకాన్ని పక్కన పెట్టనవసరం లేదు. పుస్తకంలోని పాఠాన్నే పనిగా మార్చవచ్చు: పేరాలను విడి చీటీలుగా రాసి వరుస పెట్టమనడం, పాత్రల మధ్య ఎవరు అబద్ధం చెబుతున్నారో ఆధారాలు చూపమనడం, పాఠంలోని ప్రయాణాన్ని పటంగా గీయమనడం. వారానికి రెండు పీరియడులు ఇలా నడిపి, మిగతావి మీ పాత పద్ధతిలోనే సాగించి మొదలుపెట్టవచ్చు. ఆ రెండు పీరియడుల కోసం ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, ఆ రోజు చెవినపడిన వాక్యాలు నాలుగు, తప్పులతో సహా, తేదీ వేసి రాసుకోండి. మూడు నెలల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే, జూలైలో 'మై ఫాదర్ ఫార్మర్' అన్న పిల్లవాడు అక్టోబరులో 'మై ఫాదర్ ఈజ్ ఫార్మర్' అంటూ కనిపిస్తాడు. 'ఎ' ఇంకా రాలేదు కాబట్టి స్లిప్ టెస్టులో రెండు వాక్యాలకూ సున్నాయే పడుతుంది. ఆ 'ఈజ్' ఎప్పుడు వచ్చి చేరిందో మీ నోటు పుస్తకంలోనే ఉంటుంది.